పాచిక మళ్ళీ వెయ్యాలా, వద్దా?

ఈ నెల టపాలో వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి: క్వాంటిటేటివ్ ఫైనాన్స్‌లో, అంటే మార్కెట్ ధరలనీ నష్టభయాలనీ గణితంతో లెక్కగట్టే చదువులో, ఎంఎస్. ముద్దుగా క్వాంట్ అంటారు. కిందటి సంచికలో నా న్యూయార్క్ ఉద్యోగం గురించి రెండు ముక్కలు రాసిన ఫలితం ఇదంతా. నాలుగు ఉత్తరాలు తీసుకున్నాను. మొదటిదే సగం పేజీ తినేసింది, మిగతావాళ్ళు ఏమీ అనుకోకండి.

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది మధురవాడ. 2023లో కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్ అయింది, 7.9 సీజీపీఏ. ఋషికొండలో ఒక చిన్న కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను. అమెరికాలో క్వాంట్ ఫైనాన్స్ ఎంఎస్‌కి అప్లై చేద్దామని ఉంది. జీఆర్ఈలో క్వాంట్ (గణితం) 168, వెర్బల్ 151. పైథాన్ వచ్చు. కన్సల్టెన్సీవాళ్ళు పది యూనివర్సిటీల లిస్టు ఇచ్చారు. ఎస్ఓపీ (ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నానో చెప్పే వ్యాసం) కూడా వాళ్ళే రాసిపెట్టారు. ‘చిన్నప్పటి నుంచి అంకెలంటే నాకు ప్రాణం’ అని మొదలవుతుంది. మా బ్యాచ్‌లో ఎవరూ ఈ కోర్సుకి వెళ్ళలేదు, అడుగుదామన్నా మనిషి లేడు. నాకు సీటు వస్తుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

తా.క.: ఇది మీకు పనికొస్తుందో లేదో తెలీదు. మేము టెస్ట్ చేసే లోన్ సాఫ్ట్‌వేర్‌లో 50 లక్షలకి 9 శాతం చొప్పున 2024 సంవత్సరానికి వడ్డీ 4,50,000 రావాలి. 4,51,233 చూపించింది. నేను బగ్ రాశాను. డెవలపర్ ‘బగ్ కాదు’ అని మూసేశాడు. నేను మళ్ళీ తెరిచాను. అలా మూడుసార్లు అయింది. ఆఫీసులో అందరూ నవ్వుతున్నారు.
— ఆర్., మధురవాడ

జవాబు: తమ్ముడూ, అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను.

సీటు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ తాజాకలం తేలాలి. నీ ఉత్తరంలో నాచేత రెండోసారి చదివించింది అదొక్కటే.

నువ్వన్నదీ సరే, డెవలపర్ అన్నదీ సరే. 2024 లీపు సంవత్సరం, 366 రోజులు. ఏడాది వడ్డీని 365తో భాగించి రోజు వడ్డీ తీసి, దాన్ని 366 రోజులకు వేస్తే 4,51,233 వస్తుంది. లీపు సంవత్సరం కదా అని 366తోనే భాగిస్తే సరిగ్గా 4,50,000 వస్తుంది. వీటిలో ఏది కరెక్టో సాఫ్ట్‌వేర్‌ని అడిగితే తెలీదు, లోను అగ్రిమెంట్ తీసి చూడాలి. దీన్ని డే కౌంట్ కన్వెన్షన్ అంటారు. రూపాయి మనీ మార్కెట్‌లో ఏడాదికి 365 రోజులు లెక్కేస్తారు, డాలర్ మనీ మార్కెట్‌లో 360. నీ 50 లక్షల లోన్‌కే 360 లెక్క పెడితే మామూలు ఏడాదిలో కూడా వడ్డీ 4,56,250 అవుతుంది. కాయితం మీద అదే తొమ్మిది శాతం, కట్టేటప్పుడు మాత్రం 6,250 ఎక్కువ. లక్షలకే ఇంత తేడా ఉంటే వందల కోట్ల బాండ్ల దగ్గర ఎంత ఉంటుందో నువ్వే వేసుకో.

న్యూయార్క్‌లో ఒక బ్యాంకులో మోడల్ వాలిడేషన్ టీమ్‌లో చేరిన మొదటి వారం నా ముందు పడేసిన పని ఇదే. ఎవరో కట్టిన లెక్క తీసుకుని, దాంట్లో ఎక్కడ ఏం అనుకున్నారో, అలా అనుకోవడం సబబేనా అని తవ్వడం. ఋషికొండలో కూర్చుని, ఎవరూ చెప్పకుండా, అందరూ నవ్వుతున్నా నువ్వు చేసింది అదే. పెట్టుకోవాల్సిన ఎస్ఓపీ అంతా తాజాకలంలో పెట్టి, పైన ఉత్తరంలో అంకెలంటే ప్రాణం అని రాశావు!

ఆ వాక్యం కొట్టెయ్. సంవత్సరాలు మారినా కన్సల్టెన్సీల ఎస్ఓపీలు మారవేమో. 2006లో నాకు ద్వారకానగర్‌లో ఒక మేడ మీది కన్సల్టెన్సీవాళ్ళు రాసిపెట్టినది కూడా ఇంచుమించు ఇలాగే మొదలైంది. ఉక్కునగరం క్వార్టర్స్ నుంచి సిటీ బస్సెక్కి వెళ్ళి, ఫీజు కట్టి, ప్రింటు చేతికి ఇస్తే చదవకుండానే కవర్లో పెట్టి పంపించాను. ఏడు చోట్లకి పంపితే ఏడూ రాలేదు. తర్వాత ఓ రోజు తీరిగ్గా చదివితే మూడో పేరాలో ‘మీ టెక్సస్ క్యాంపస్’ అని ఉంది. ఏడింట్లో ఒక్కటి కూడా టెక్సస్‌లో లేదు. ఎవరిదో ఎస్ఓపీలో పేరు మార్చి నాకు ఇచ్చారు. వాళ్ళది మోసమే, అయితే చదవకుండా సంతకం పెట్టింది నేను.

మరుసటి ఏడాది నేనే రాసుకున్నాను. మా అమ్మ కాలనీలో చీటీ వేసేది: 20 మంది, నెలకి వెయ్యి రూపాయలు. బీటెక్ రెండో ఏడాదిలో ఆ చీటీ పుస్తకం పట్టుకుని, ఎవరు ఏ నెలలో ఎంతకి పాడుకున్నారో చూసి, ఒక్కొక్కరికీ నికరంగా ఎంత శాతం వడ్డీ పడిందో లెక్కగట్టాను. మూడో నెలలోనే పాడుకున్నవాళ్ళకి పడిన వడ్డీ చూసి అమ్మ పుస్తకం లాక్కుంది, ‘ఇది బయట చెప్పకే’ అని. ఎస్ఓపీ మొదటి పేరాలో అదే రాశాను. ఈసారి ఆరింటికి పెడితే రెండు వచ్చాయి.

నువ్వు కూడా ఆ 1,233 రూపాయలతో మొదలుపెట్టు. ఏం వచ్చింది, నువ్వు ఏమనుకున్నావు, డెవలపర్ ఏమన్నాడు, అసలు సంగతి ఏంటి, నువ్వు అనుకున్నదాంట్లో తప్పెక్కడుంది. తప్పు రాయడానికి మొహమాటపడకు. ఈ ప్రోగ్రాంలకి అప్లై చేసేవాళ్ళలో చాలామందికి 165 పైన స్కోర్లు ఉంటాయి. చదివే ప్రొఫెసర్‌కి కావలసింది తను వేసిన లెక్కను తనే చెప్పగలిగిన మనిషి.

ఇప్పుడు నీ మార్కులు. 168కి మళ్ళీ జీఆర్ఈ రాయకు. 170 కోసం ఇంకో ఫీజు కట్టడం కంటే ఆ రెండు నెలలు ప్రాబబిలిటీ మీద పెట్టు. 7.9 తక్కువేం కాదు, కానీ వాళ్ళు చూసేది మొత్తం సగటు ఒక్కటే కాదు. ట్రాన్స్‌క్రిప్ట్‌లో గణితం పేపర్లు విడిగా చూస్తారు: కాల్‌క్యులస్, లీనియర్ ఆల్జీబ్రా, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, ప్రాబబిలిటీ. ఎం1, ఎం2ల్లో ఎన్ని వచ్చాయో నువ్వు రాయలేదు. రాయలేదంటే నాకు అనుమానమే. తక్కువైతే ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ ప్రొఫెసర్లు చెప్పే కోర్సులు ఉన్నాయి, పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటే పరీక్ష రాయాలి. బరూక్ కాలేజీ అయితే ఇలాంటి ఖాళీలు పూడ్చుకోవడానికే ప్రీ-ఎంఎఫ్ఈ అని ఆన్‌లైన్ క్లాసులు విడిగా నడుపుతుంది. ప్రోగ్రామింగ్‌లో పైథాన్ వచ్చని రాశావు, సరే. సీ++ కూడా మొదలుపెట్టు. ఇటో కాల్‌క్యులస్ లాంటి పైస్థాయి గణితం ఇప్పుడే ముట్టుకోనక్కర్లేదు, అక్కడ నేర్పేదే అది.

కన్సల్టెన్సీ లిస్టు చూశాను. పదింట్లో ఆరు పేర్లు ఒకే బాపతు. కొన్ని యూనివర్సిటీలు కన్సల్టెన్సీలకు కమిషన్ ఇస్తాయి, ఆ సంగతి గుర్తుపెట్టుకుని చదువు. కోర్సు పేరు చూసి కంగారు పడకు. ఫైనాన్షియల్ ఇంజనీరింగ్, మ్యాథమెటికల్ ఫైనాన్స్, కంప్యుటేషనల్ ఫైనాన్స్ అన్నీ దగ్గరి చుట్టాలే. ఏ డిపార్ట్‌మెంట్ నడుపుతోందో చూడు, రుచి దాన్నిబట్టి మారుతుంది. కార్నెగీ మెలన్‌లో 1994 నుంచి ఉన్న ప్రోగ్రాంని బిజినెస్ స్కూలు, గణితం, స్టాటిస్టిక్స్, పబ్లిక్ పాలసీ వాళ్ళు కలిసి నడుపుతారు. కొలంబియాలో గణితం వాళ్ళది ఒకటి, ఇంజనీరింగ్ వాళ్ళది ఇంకొకటి. న్యూయార్క్ యూనివర్సిటీలోనూ అంతే, గణితం వాళ్ళ కూరంట్‌ది వేరు, ఇంజనీరింగ్ వాళ్ళ టాండన్‌ది వేరు. బర్కిలీది బిజినెస్ స్కూల్లో ఉంటుంది, క్లాసులు ఆగస్టులో కాక మార్చిలో మొదలవుతాయి కాబట్టి దాని గడువుల లెక్కే వేరు. ప్రిన్స్‌టన్, బరూక్ తీసుకునేదే కొద్దిమందిని. బరూక్ న్యూయార్క్ నగర ప్రభుత్వ యూనివర్సిటీ కిందిది, ఫీజు ప్రైవేటువాటితో పోలిస్తే బాగా తక్కువ. అందుకే పోటీ కూడా అంత ఎక్కువ. పది వద్దు, ఆరు చాలు. ఒక్కో అప్లికేషన్‌కి ఇంచుమించు 100 డాలర్లు పోతాయి.

చాలావాటికి గడువు విడతలుగా ఉంటుంది, నవంబరులోనో డిసెంబరులోనో మొదటి విడత, తర్వాత జనవరి, మార్చి. మనవాళ్ళు మార్చి విడత దాకా ఆగుతారు, అప్పటికి సీట్లూ స్కాలర్‌షిప్పులూ పలచబడిపోతాయి.

రికమెండేషన్ లెటర్లు. మన కాలేజీల్లో సార్‌ని అడిగితే వచ్చే జవాబు నీకూ తెలుసు: ‘నువ్వే రాసుకురా, సంతకం పెడతాను.’ అలా చెయ్యకు. లెటర్లు మూడైనా ముగ్గురి ఇంగ్లీషూ ఒకటే అయితే చదివేవాడికి అర్థం కాదా? సార్‌కి ఒక పేజీ కాయితం ఇవ్వు, నువ్వు ఆయన దగ్గర ఏ సబ్జెక్టు చదివావు, ఏ ప్రాజెక్టు చేశావు, ఎన్ని మార్కులు వచ్చాయి అని. రాయడం ఆయన పని. లెటర్ కాలేజీ మెయిల్ నుంచే పంపమని బతిమాలు, జీమెయిల్ నుంచి వస్తే అనుమానంగా చూస్తారు. రెండో లెటర్ మీ మేనేజర్‌ది తీసుకో. ఆ బగ్ సంగతి ఆయన నోటితో వస్తే ఇంకా మంచిది.

ఇంటర్వ్యూకి పిలిస్తే ఏం అడుగుతారని చాలామంది రాశారు. ఒకటి చెప్తాను. నన్ను ఫోన్లో అడిగినదే. సంక్రాంతికి వైకుంఠపాళి ఆడే పాచిక ఒకటి తీసుకో. వేస్తే ఎంత పడితే అన్ని రూపాయలు ఇస్తాను. నచ్చకపోతే అది వదిలేసి ఇంకొక్కసారి వెయ్యచ్చు, కానీ రెండోసారి పడిందే ఖాయం. ఈ ఆట ఆడనివ్వడానికి నీ దగ్గర ఎంత టిక్కెట్ తీసుకుంటే న్యాయం?

వెనక నుంచి రావాలి. ఒక్కసారి వేస్తే సగటున 3.50 రూపాయలు. కాబట్టి మొదటిసారి ఒకటో రెండో మూడో పడితే మళ్ళీ వేస్తావు, నాలుగో అయిదో ఆరో పడితే ఆగిపోతావు. ఆగిపోయిన సగం సార్లు సగటున 5 రూపాయలు, మళ్ళీ వేసిన సగం సార్లు 3.50. రెండూ కలిపి సగం చేస్తే 4.25. రెండో అవకాశం లేని ఆట 3.50 అనుకున్నాం కదా, ఆ పైన వచ్చిన 75 పైసలు దేనికి? ‘మళ్ళీ వెయ్యచ్చు, వెయ్యకపోవచ్చు’ అనే వెసులుబాటుకి. ఆప్షన్ అంటే అదే.

మన ఊరి రొయ్యల ఎగుమతిదారుణ్ణి చూడు. సరుకు ఇవాళ అమెరికాకి ఎక్కుతుంది, డాలర్లు మూడు నెలలకి వస్తాయి. ఈలోగా రూపాయి బలపడితే చేతికొచ్చే రూపాయలు తగ్గుతాయి. బ్యాంకుతో ఫార్వర్డ్ కాంట్రాక్ట్ చేసుకుంటే ఇవాళ అనుకున్న రేటుకే మార్చుకోవాలి, డాలరు పెరిగినా సరే. ఆప్షన్ కొనుక్కుంటే ఇష్టమైతే ఆ రేటుకి, లేకపోతే బజారు రేటుకి. ఆ ఇష్టానికి బ్యాంకు ఎంత ప్రీమియం తీసుకోవాలి? 1973లో బ్లాక్, షోల్స్, మెర్టన్ తేల్చింది ఇలాంటి లెక్కే. 1997లో షోల్స్‌కీ మెర్టన్‌కీ నోబెల్ వచ్చింది, బ్లాక్ 1995లోనే పోయాడు. ఆ మరుసటి ఏడాది, 1998లో, వీళ్ళిద్దరూ భాగస్వాములుగా ఉన్న లాంగ్ టర్మ్ క్యాపిటల్ మేనేజ్‌మెంట్ అనే ఫండ్ కుప్పకూలింది. అమెరికా కేంద్ర బ్యాంకు న్యూయార్క్ శాఖ పెద్ద పెద్ద బ్యాంకుల్ని కూర్చోబెట్టి మాట్లాడితే, అవి 360 కోట్ల డాలర్లు పోసి నిలబెట్టాల్సి వచ్చింది. ఇది కూడా ఇంటర్వ్యూలో అడుగుతారు, చదివి వెళ్ళు.

జవాబు 4.25 అని చెప్పగానే నన్ను వదిలెయ్యలేదు. ‘మూడుసార్లు వెయ్యనిస్తే?’ అన్నారు. అది నీకు వదిలేస్తున్నా. 4 రూపాయల 67 పైసల దగ్గరికి వస్తే నీ దారి సరైనదే.

ప్రశ్న: మేడమ్, నేను గాజువాకలో ఉంటాను. స్టీల్ ప్లాంటులో ఇంకో రెండేళ్ళ సర్వీసు ఉంది. మా అమ్మాయికి అమెరికాలో ఒక ఫైనాన్షియల్ ఇంజనీరింగ్ ప్రోగ్రాంలో సీటు వచ్చింది. 16 నెలలు. ఫీజు, ఖర్చులు కలిపి 1,05,000 డాలర్లు అంటున్నారు. అయిదింటికి పెడితే వచ్చింది ఇదొక్కటే. 60 లక్షలు లోను, మిగతాది నా పీఎఫ్. ఇల్లు తాకట్టు పెట్టమంటున్నారు. పెట్టమంటారా, వచ్చే ఏడాది ఇంకోసారి ప్రయత్నించమంటారా?
— పేరు వేయవద్దు, గాజువాక

జవాబు: బాబాయిగారూ, మా నాన్నదీ అదే ప్లాంటు. 2008లో నా కోసం ఆయన కూడా పీఎఫ్ తీశారు. అందుకని మీకు డొంకతిరుగుడు లేకుండా చెప్తాను.

డాలరు 88 రూపాయలు అనుకుంటే మొత్తం 92 లక్షల 40 వేలు. 60 లక్షల లోను, పదిన్నర శాతం, పదేళ్ళు అనుకుందాం. నెలకి 81 వేలు కట్టాలి. కానీ చదువు 16 నెలలు, ఆపైన ఆరు నెలలు కట్టనక్కర్లేదని బ్యాంకువాళ్ళు చెప్తారు చూడండి, ఆ 22 నెలలూ వడ్డీ ఆగదు. డబ్బంతా మొదటే తీసుకున్నట్టు లెక్కేస్తే అసలుకి ఇంకో పదకొండున్నర లక్షలు తోడై నెలకి 96 వేలు దాటుతుంది. సెమిస్టర్ వారీగా ఇస్తారు కాబట్టి నిజానికి కొంచెం తక్కువ ఉంటుంది. వీలైతే చదువు నడిచేటప్పుడే వడ్డీ మటుకు కట్టుకుంటూ పోండి. పాత పద్ధతి పన్నులో ఉంటే ఆ వడ్డీకి ఎనిమిదేళ్ళ వరకు మినహాయింపు వస్తుంది. లోను మీ పేరున ఉండి మీరు కడితే మీకే.

అక్కడ ఉద్యోగం వస్తే ఈ లోను మూడు నాలుగేళ్ళలో తీరిపోతుంది. మీరు వెయ్యాల్సిన లెక్క అది కాదు. అమ్మాయి ఏదో కారణానికి తిరిగొచ్చి హైదరాబాదులోనో బెంగళూరులోనో ఇక్కడి జీతానికి చేరితే, నెలకి 96 వేలు ఎలా? ఈ ప్రశ్నకి ఇంట్లో అందరూ కూర్చుని కాయితం మీద జవాబు రాయగలిగితేనే ఇల్లు పెట్టండి.

నేను 2008 ఆగస్టులో చేరాను. సెప్టెంబరు 15న లేమన్ బ్రదర్స్ అనే పెద్ద ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు పడిపోయింది. క్లాసులో ప్రొఫెసర్ పాఠం ఆపి ఆ రోజంతా అదే మాట్లాడాడు. మా సీనియర్లకి ఆఫర్లు ఇచ్చిన కంపెనీలే లేకుండా పోయాయి. 2009 డిసెంబరులో నా డిగ్రీ అయ్యేసరికి ఉద్యోగం లేదు. చదువయ్యాక అక్కడ ఉద్యోగం చేసుకోవడానికి ఇచ్చే ఓపీటీ పర్మిట్ మీద 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదని నిబంధన. గోడ మీద క్యాలెండర్‌లో రోజుకో గీత గీసుకునేదాన్ని. 76వ గీత దగ్గర ఒక చిన్న కంపెనీలో డేటా శుభ్రం చేసే పని దొరికింది. నాన్నకి ఫోన్ చేసి ‘మంచి ఉద్యోగం’ అని చెప్పాను. 2011 ఏప్రిల్‌లో అమెరికా ఫెడరల్ రిజర్వ్, బ్యాంకులు తమ మోడల్స్‌ని వేరే మనుషుల చేత తనిఖీ చేయించుకోవాలని మార్గదర్శకాలు ఇచ్చింది. దాంతో అలాంటి మనుషులు కావలసి వచ్చారు, నాకు అసలు ఉద్యోగం వచ్చింది. చదువులో నేనేదో పొడిచేశాననుకునేరు. కాలం కలిసొచ్చింది.

ఇక ఇంకో ఏడాది ప్రయత్నించడం గురించి. పైన ఆ అబ్బాయికి రాసిన పాచికాటే ఇది. పడింది మూడా, నాలుగా అన్నది ముందు చూడాలి. ఆ ప్రోగ్రాం వెబ్‌సైట్‌లో ఎంప్లాయ్‌మెంట్ రిపోర్ట్ ఉందా? చదువైన మూడు నెలలకి ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయి, ఏ కంపెనీల్లో, ఏ హోదాల్లో అని మంచి ప్రోగ్రాంలు ఏటా బయటపెడతాయి. రిపోర్టే లేకపోతే, లేదా కంపెనీల లోగోలు పేర్చి అంకెలు లేకుండా ఉంటే, పడింది మూడు లోపే అనుకోండి. కిందటి బ్యాచ్‌లో చదివిన మన పిల్లల్ని ఇద్దర్ని పట్టుకుని అమ్మాయిని మాట్లాడమనండి. వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం మీద కోర్సు కోడ్ కూడా చూడండి. 27.0305 లాంటి స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) కోడ్ ఉంటే ఓపీటీ 12 నెలల మీద ఇంకో 24 కలిసి మూడేళ్ళు వస్తుంది. ఉంటే, హెచ్-1బీ వీసా లాటరీలో కంపెనీ రెండు మూడుసార్లు పేరు వెయ్యచ్చు. లేకపోతే ఏడాదిలో పెట్టె సర్దుకోవాల్సి రావచ్చు.

మళ్ళీ ప్రయత్నిస్తే ఏడాది పోతుంది, మరింత మంచిది వస్తుందన్న హామీ లేదు. అయితే పాచికకి లేని సౌకర్యం ఒకటి ఇక్కడ ఉంది. రెండోసారి వేసేటప్పటికి అమ్మాయి మారచ్చు. నా ఏడు తిరస్కారాలకీ, తర్వాత వచ్చిన రెండింటికీ మధ్య గడిచింది పదకొండు నెలలే. సీటు ఇచ్చినవాళ్ళని దాన్ని డిఫర్ చేస్తారా, అంటే వచ్చే ఏడాదికి వాయిదా వేస్తారా అని కూడా ఒక మెయిల్ రాయించండి, అడగడానికి ఖర్చేం లేదు.

మీ ఉత్తరంలో అమ్మాయి ఏమనుకుంటోందో ఎక్కడా లేదు. ఈసారి తనని రాయమనండి.

ప్రశ్న: మేడమ్, ఆంధ్ర యూనివర్సిటీలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చివరి ఏడాది. అమెరికా పంపే స్తోమత మాకు లేదు. ఇక్కడే ఉండి క్వాంట్ అవ్వలేమా?
— ఎస్., సిరిపురం

జవాబు: అవ్వచ్చు చెల్లీ. పైగా నువ్వున్న చోటు సామాన్యమైంది కాదు. స్టాటిస్టిక్స్‌లో ప్రపంచానికి తెలిసిన సి.ఆర్. రావు గారు ఆంధ్ర యూనివర్సిటీలోనే గణితం చదివారు. ఉద్యోగం కోసం కలకత్తా వెళ్తే ఆ ఉద్యోగం రాలేదు, అక్కడే ఉన్న ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్ఐ)లో 1941లో చేరారు. 1945లో ఆయన రాసిన ఒక్క పేపర్‌లోంచి వచ్చిన క్రామర్-రావు బౌండ్, అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో హద్దు చెప్పేది, నీ సిలబస్‌లో ఉంది కదా. పరీక్షకి బట్టీ పట్టకుండా ఒకసారి నీ చేత్తో నిరూపించు. ఇంటర్వ్యూల్లో అడుగుతారు, మన ఊరి నుంచి వెళ్ళినవాళ్ళకి రాకపోతే సిగ్గుగా ఉంటుంది.

దారులు రెండు మూడు ఉన్నాయి. ఇంకో డిగ్రీ కావాలంటే ఐఐఎం కలకత్తా, ఐఎస్ఐ, ఐఐటీ ఖరగ్‌పూర్ కలిసి 2015 నుంచి నడుపుతున్న పీజీడీబీఏ అనే బిజినెస్ అనలిటిక్స్ డిప్లొమా ఉంది. ఫీజు ఉంటుంది కానీ అమెరికా ఫీజుతో పోలికే లేదు. మీ తమ్ముడో చెల్లో డిగ్రీ చదువుతుంటే వాళ్ళకి ఐఎస్ఐ ఎం.స్టాట్ చెప్పు, ట్యూషన్ ఫీజు లేదు, వాళ్ళే స్టైపెండ్ ఇస్తారు, ఎంట్రెన్స్ మాత్రం గట్టిది. డిగ్రీ చాలనుకుంటే నేరుగా ఉద్యోగానికి వెళ్ళు. విదేశీ బ్యాంకుల రిస్క్ టీమ్‌లు బెంగళూరు, ముంబై, హైదరాబాదుల్లో బోలెడున్నాయి, వాళ్ళకి స్టాటిస్టిక్స్ వచ్చిన మనుషులు కావాలి. నీ దగ్గర లేనిది కోడింగ్ అయి ఉంటుంది, మీ డిపార్ట్‌మెంట్‌లో నేర్చుకున్న ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష ఒక్కటే సరిపోదు. ఆర్‌బీఐ వెబ్‌సైట్‌లో డాలర్ రేటు పదేళ్ళది దింపుకుని, రోజువారీ మార్పు నార్మల్ డిస్ట్రిబ్యూషన్‌లా ఉందో లేదో పైథాన్‌లో చూడు. ఉండదు. ఎక్కడ, ఎందుకు ఉండదో రెండు పేజీలు రాసి రెజ్యూమేకి జతచెయ్. పనిలో పనిగా నాకూ ఒక కాపీ పంపు.

ప్రశ్న: క్వాంట్ చదివితే షేర్ మార్కెట్‌లో గ్యారంటీగా డబ్బు సంపాదించవచ్చా? సూటిగా చెప్పండి.
— ఒక పాఠకుడు, ద్వారకానగర్

జవాబు: సూటిగా అయితే, లేదు. నేను అమెరికా నుంచి వచ్చిన ప్రతిసారీ మా పెదనాన్న అడిగేదీ ఇదే: ‘ఏ షేరు కొనమంటావే?’ 2019లో పూర్తిగా ఇక్కడికి వచ్చేశాక ప్రతి ఆదివారం అడుగుతున్నాడు. నేను చదివింది ఆప్షన్‌కి ఎంత ధర ఉండాలో, అది తలకిందులైతే బ్యాంకుకి ఎంత పోతుందో చెప్పే లెక్క. రేపు ఏది పెరుగుతుందో చెప్పే లెక్క కాదు. షేర్ మార్కెట్ మీద అజమాయిషీ చేసే సెబీ 2024 సెప్టెంబరులో ఒక అధ్యయనం బయటపెట్టింది. అంతకుముందు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన కోటి మందికి పైగా మామూలు జనంలో నూటికి 93 మంది నష్టపోయారు. మనిషికి సగటున సుమారు రెండు లక్షలు.

మొన్న ఆదివారం పెదనాన్నకి ఈ అంకె చదివి వినిపించాను. కాసేపు ఆలోచించి, ‘సరేలే, ఆ మిగతా ఏడుగురూ ఏం కొన్నారో కనుక్కో’ అన్నాడు.